ముక్తాయింపు దాకా కూర్చోండి

సింఫనీ ఆర్కెస్ట్రా ఉన్న ఊళ్ళలో రాబోయే నెల కచేరీల పట్టిక చాలా ముందే అచ్చవుతుంది. ఏ రోజు బీథోవెన్, ఏ రోజు బ్రామ్స్, ఎన్నో నంబరు సింఫనీ, విరామం ముందు ఏది, తర్వాత ఏది అన్నీ అందులో ఉంటాయి. శ్రోత తాను ఏం వినబోతున్నాడో చూసుకుని టికెట్టు కొంటాడు. మద్రాసు ధనుర్మాసపు కచేరీల పట్టిక తీసి చూడండి. అందులో ఉండేవి మనుషుల పేర్లు: గాత్రం ఫలానా, వయొలిన్ ఫలానా, మృదంగం ఫలానా, ఘటం ఫలానా. ఏ రాగం పాడతారో, ఏ కీర్తన ఎత్తుకుంటారో సాధారణంగా అందులో ఉండదు. పక్కన కూర్చునే మృదంగం ఆయనకు కూడా చాలాసార్లు వేదిక మీదే తెలుస్తుంది.

ఈ ఒక్క తేడా పట్టుకుంటే కర్ణాటక సంగీత కచేరీ తలుపు సగం తెరుచుకున్నట్టే. రెండున్నర గంటల పాటు అక్కడ జరిగేది ఏమిటో కాస్త విప్పి చెప్పాలని నా కోరిక. ఏటా ధనుర్మాసం వస్తుంది. మా ఊరు దోమకొండలో తెల్లవారకముందే వాకిట్లో ముగ్గులు పడతాయి, చలిలో గుడి మైకులోంచి తిరుప్పావై పాశురాలు వినిపిస్తాయి, పొద్దెక్కాక గంగిరెద్దుల సన్నాయి వీధి మలుపు తిరుగుతుంది. అదే నెలలో చెన్నైలో, మైలాపూరు నుంచి త్యాగరాయ నగర్ దాకా, సభలని పిలిచే సంగీత సంస్థల్లో ఒకదాని తర్వాత ఒకదానిలో పొద్దున్నుంచి రాత్రి దాకా కచేరీలు సాగుతాయి. వాటిలో పాడే పాటల్లో చాలా పెద్ద భాగం తెలుగు పాటలు. ఆ తెలుగును తమిళులు ప్రాణంగా పాడతారు, ప్రాణంగా వింటారు. తెలుగు తల్లిభాషగా ఉన్నవాళ్ళం మనం ఆ వరసల్లో ఎంతమంది కూర్చున్నాం అన్నది నన్ను చాలా ఏళ్ళుగా బాధిస్తున్న విషయం.

ఆ కచేరీల నెలకు మూలం 1927 డిసెంబరు. మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటే అఖిల భారత సంగీత సమ్మేళనం కూడా జరిగింది. అందులోంచి పుట్టిందే 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ. ఏటా డిసెంబరులో అకాడమీ సదస్సు, దాని చుట్టూ ఇతర సభల ఉత్సవాలు పెరుగుతూ పెరుగుతూ ఒక ఊరి నెలనంతా ఆక్రమించాయి. 2017లో యునెస్కో చెన్నైని సంగీతానికి సంబంధించిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు పొందినవాళ్ళలో ద్వారం వెంకటస్వామినాయుడు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీపాద పినాకపాణి, నేదునూరి కృష్ణమూర్తి, నాదస్వరం షేక్ చినమౌలానా మన నేల మీది మనుషులు. పినాకపాణి వృత్తికి వైద్యుడు. కర్నూలులో రోగుల నాడి చూస్తూనే శిష్యుల గొంతులను సరిదిద్దారు.

చరిత్ర ఇంతటితో చాలు. కచేరీలోకి వెళదాం.

తెర లేచేసరికి ముందుగా వినిపించేది తంబుర. దానికి తీగలు నాలుగే: పంచమం, షడ్జానికే కలిపే సారణి, అనుసారణి, చివరగా మంద్ర షడ్జం. వాటిని వేలితో ఒకదాని తర్వాత ఒకటి మీటుతూ పోవడమే పని. చూసేవాళ్ళకు ఇదేం పని అనిపిస్తుంది. కానీ తంబుర మెట్టు మీద, తీగ కింద ఒక చిన్న దారప్పోగు ఉంటుంది. దాన్ని జీవా అంటారు. పోగును వెంట్రుకవాసి జరిపితే తీగ చప్పబడి మొద్దుగా మోగుతుంది. సరైన చోట పడితే తీగలోంచి తేనెటీగల ఝుంకారం లేస్తుంది. ఇంకా వింతేమిటంటే, మంద్ర షడ్జం సరిగా కలిసిన తంబురలో ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. నాలుగు తీగల్లో గాంధారపు తీగ లేదు, అయినా గాంధారం ఉంది. పెద్దలు దాన్ని స్వయంభువు అన్నారు. ఈ రోజుల్లో చాలా వేదికల మీద మిషన్ శ్రుతి మోగుతోంది. సదుపాయమే, కాదనను. కానీ అసలు తంబుర ఉన్న కచేరీ దొరికితే పాట మొదలయ్యే ముందు ఆ గాంధారం కోసం ఒక్క నిమిషం చెవి పెట్టండి. పశ్చిమదేశాల ఆర్కెస్ట్రాలో ఓబో వాద్యం ఒక స్వరం ఇస్తుంది, అందరూ దానికి కలుపుకుంటారు, తర్వాత అది ఆగిపోతుంది. మనకు ఆ స్వరం కచేరీ చివరిదాకా ఆగదు. దానిమీద నిలబడే ఇల్లంతా కడతారు.

వయొలిన్ కథ ఇంకా చిత్రం. సింఫనీ ఆర్కెస్ట్రాకు వెన్నెముక ఆ వాద్యం. మద్రాసు కోటలోని ఇంగ్లీషువాళ్ళ బ్యాండు విని, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకున్నాడు. అన్నగారు ఆ బ్యాండు వరసలకు సంస్కృత సాహిత్యం రాశాడు, అవే నొట్టుస్వరాలు. ఇక్కడికి వచ్చాక వయొలిన్ భుజం దిగింది. వాద్యకారుడు నేలమీద బాసింపట్టు వేసి, కుడికాలు కాస్త ముందుకు చాచి, వాద్యం తలను కాలి చీలమండ దగ్గర ఆనించుకున్నాడు. అలా ఆనించాక ఎడమచేతికి బరువు మోసే పని పోయింది. వేళ్ళు తీగ మీద జారడానికి స్వేచ్ఛ దొరికింది. స్వరాన్ని ఊపే గమకానికి కావలసింది సరిగ్గా ఆ జారుడే. తీగల శ్రుతి కూడా మారింది: సా పా సా పా. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత పాఠశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యుడిగా చేరారు. చూపు సరిగా లేని మనిషి. ఫిడేలు నాయుడుగారని జనం పిలుచుకున్నారు. గాత్రం వెనక నడిచే ఫిడేలును వేదిక నడిమధ్య కూర్చోబెట్టి, అది ఒక్కటే కచేరీ నిలబెట్టగలదని చూపిన తొలితరం వాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఆయన కమాను నాదం పాత రికార్డుల గరగర దాటి ఈనాటికీ చల్లగా తగులుతుంది.

ఇక పాట. వర్ణంతో మొదలు, తర్వాత చురుకైన చిన్న కీర్తనలు, మధ్యలో బరువైన ప్రధాన కీర్తన, వీలుంటే రాగం తానం పల్లవి, చివర్లో పదాలు, జావళీలు, తిల్లానా, మంగళం. ఈ వరస శాస్త్రగ్రంథం విధించింది కాదు. అరియకుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) దీన్ని కుదిర్చి స్థిరపరిచారు. అంతకుముందు నాలుగైదు గంటలు సాగే కచేరీల్లో కీర్తనలు తక్కువ, రాగ విస్తారం ఎక్కువ. ఆయన పట్టులో కచేరీ బిగువుగా, అన్ని రుచులతో తయారైంది. మన ఇళ్ళలో విస్తరి వడ్డించే క్రమం లాంటిదే ఇది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదాంట్లో అనుభవం ఉంది.

కీర్తనకు ముందు రాగాన్ని విప్పే ఆలాపన అంటే భయపడే తెలుగువాళ్ళను చాలామందిని చూశాను. మాటలు ఉండవు, తాళం ఉండదు, పావుగంట సేపు ఒకాయన ఆ, రీ, నా అంటూ ఉంటాడు, అర్థం కాదు అంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: మీకు ఇది ఎప్పుడో తెలుసు. పౌరాణిక నాటకంలో కృష్ణుడి వేషధారి పద్యం చదివి, చివర్లో రాగం తీస్తే మన తాతలు చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి, ఆఖర్న వన్స్ మోర్ అని అరిచారు. మోహన, కాంభోజి, కల్యాణి, బిలహరి పేర్లు తెలియకపోయినా ఆ రాగాల ముఖాలు వాళ్ళకు గుర్తు. మా నిజామాబాదు వైపు చిందు యక్షగానం ఆడిన ఊళ్ళలో రాత్రంతా కూర్చున్న చెవులు అవి. ఆలాపన కూడా అదే పని చేస్తుంది, ఇంకా నిదానంగా. రాగం అంటే మెట్ల వరస మాత్రమే కాదు. ఏ స్వరం మీద నిలవాలి, దేన్ని ఊపాలి, దేన్ని తాకీ తాకనట్టు దాటాలి అన్న నడవడిక. తోడిలో గాంధారం ఊగకపోతే అది తోడి కాదు. అదే చిన్న గాంధారం వేరే రాగంలో అంత ఊగితే ఆ రాగం చెడుతుంది. పాడేవాడు ముందు కింది షడ్జం చుట్టూ తిరుగుతాడు, మెల్లగా పంచమం దాకా ఎక్కుతాడు, పై షడ్జం తాకుతాడు, అక్కడ నిలిచినప్పుడు సభ కూడా ఒకసారి ఊపిరి వదులుతుంది. ఆయన ఆపగానే వయొలిన్ ఆయన అదే రాగాన్ని తన మాటల్లో చెబుతాడు. అప్పటికప్పుడు విన్నదాన్ని పట్టుకుని, దాన్నే తిరిగి అప్పజెప్పకుండా, అంతకు మించిపోకుండా. ఆ మర్యాద చూడటానికే నేను ఒక్కోసారి వెళతాను.

ప్రధాన కీర్తనలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది నెరవల్. మనవాళ్ళు సాహిత్య విన్యాసం అని కూడా అంటారు. కీర్తనలోంచి అర్థం నిండిన ఒక్క పాదాన్ని ఎంచుకుంటారు. ఆ పాదంలోని ప్రతి అక్షరం తాళంలో తన చోటు తాను వదలదు. ఎత్తుగడ ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది. మారేది స్వరసంచారం. అదే పాదం ఒకసారి వేడుకోలు, ఇంకోసారి దెప్పు, మరోసారి అలిసిపోయిన నిట్టూర్పు. త్యాగరాజు రాముణ్ణి ప్రార్థించడమే కాదు, నిలదీస్తాడు, అలుగుతాడు, బుజ్జగిస్తాడు, తన్ను తాను తిట్టుకుంటాడు. తిరువయ్యారులో కూర్చుని ఆయన రాసింది ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. ఆ తెలుగు తెలిసిన చెవికి నెరవల్‌లో జరిగేది వేరేవాళ్ళకు ఎంత సాధన చేసినా దొరకని సుఖం. ఒక్క క్రియాపదం మీద గొంతు ఎందుకు వంగిందో మనకు వెంటనే తెలుస్తుంది. తమిళం తల్లిభాషగా ఉన్న ఎందరో గాయకులు పదం విరుపు తప్పకూడదని తెలుగు నేర్చుకుని, అర్థం రాసుకుని పాడతారు. వాళ్ళు అంత దూరం నడిచి వస్తే మనం మన వాకిట్లోంచి లేవలేదన్నదే నా ఆవేదన.

నెరవల్ తర్వాత కల్పనస్వరాలు. సరిగమలతో అప్పటికప్పుడు అల్లి, ప్రతిసారీ ఆ పాదం ఎత్తుగడకే వచ్చి చేరాలి. మొదట నిదానంగా, తర్వాత రెండో కాలంలో. గాయకుడు ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పాడితే వయొలిన్ ఒక ఆవర్తనం బదులిస్తుంది. పోను పోను అది సగం, సగంలో సగం, చివరికి నాలుగు స్వరాలు, రెండు స్వరాలు. ఇద్దరు మనుషులు ఒకే వాక్యాన్ని పంచుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ మృదంగం ఊరుకోదు. స్వరాల నడక పట్టుకుని, అది చేరబోయే చోటును ముందే ఊహించి, సరిగ్గా అక్కడ తానూ దిగుతుంది.

అప్పుడు తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనం వస్తుంది. అప్పుడే సభలో సగంమంది కాఫీకి లేస్తారు.

దయచేసి లేవకండి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. నేను మొదటిసారి చెన్నై కచేరీకి వెళ్ళినప్పుడు, సికింద్రాబాదులో రైలెక్కి రాత్రంతా కూర్చుని వెళ్ళిన కుర్రతనంలో, నేను కూడా తని మొదలవగానే లేవబోయాను. పక్క కుర్చీలో తెల్లచొక్కా ముసలాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "కూర్చో నాయనా, ఆయనకు ఇప్పుడే కదా వంతు వచ్చింది" అన్నాడు, మద్రాసు తెలుగులో. తర్వాత తన తొడ మీద ఆది తాళం వేస్తూ నా చేత వేయించాడు. ఒక దెబ్బ, చిటికెనవేలి నుంచి మూడు వేళ్ళు, తర్వాత దెబ్బ విసురు, దెబ్బ విసురు. ఎనిమిది. అరగంట అయ్యేసరికి నా తొడ మీద నా చెయ్యి తనంతట తానే నడుస్తోంది.

మృదంగం పనసకర్రను తొలిచి చేస్తారు. కుడి మూత మీద నల్లటి కరణి, రాతిపొడి అన్నపు ముద్దలో కలిపి పొరలు పొరలుగా రుద్ది ఆరబెట్టినది. ఎడమ మూత మీద కచేరీకి ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్దగా పెడతారు, అయిపోయాక గీకేస్తారు. ఆ ముద్ద ఉంటేనే అడుగున గుమ్మనే నాదం. శ్రుతి సరిచేయడానికి చిన్న రాయితో మూత అంచు మీద కొడతారు. అంచు పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కిందినుంచి కొడితే తగ్గుతుంది. ఇంత మొరటు పనిముట్లతో అంత సున్నితమైన శ్రుతి ఎలా కుదురుతుందో చూడటం ఒక విద్య.

తనిలో జరిగేది లెక్క. కానీ చెవితో వినగలిగే లెక్క. ఆది తాళంలో ఎనిమిది క్రియలు, ఒక్కో క్రియను నాలుగుగా విడదీస్తే ముప్పైరెండు మాత్రలు. 'తదిగిణతోం' అన్నది ఐదు అక్షరాల జతి. దాన్ని మూడుసార్లు వాయిస్తే పదిహేను. అది ముగిసిన మరుక్షణం తాళం మొదలయ్యే చోటు, అంటే సమం మీద, దెబ్బ పడాలంటే, ఆవర్తనంలో పదిహేడు మాత్రలు గడిచాక మొదలుపెట్టాలి. మూడు జతుల నడుమ రెండేసి మాత్రల విరామం ఇస్తే మొత్తం పందొమ్మిది, అప్పుడు పదమూడు గడిచాక. ఇది ఒకటో తరగతి లెక్క. అసలు విద్వాంసుడు నాలుగు నడకను మూడుగా, ఐదుగా, ఏడుగా మార్చి, ఎన్నో ఆవర్తనాల పొడవున అల్లి, చెయ్యి చెమటతో తడిసిపోతుండగా చివరి దెబ్బను గాయకుడి ఎత్తుగడ ముందు తెచ్చి పెడతాడు. ఒక్క మాత్ర అటూ ఇటూ అయితే మొత్తం కూలుతుంది. ఆ మూడుసార్ల ముగింపునే ముక్తాయింపు అంటారు. ఉపన్యాసం ముక్తాయించాడు, మాట ముక్తాయించాడు అని రోజూ అంటుంటాం కదా, ఆ మాటకు ప్రాణం ఇక్కడుంది. మనం వాడుకునే మాట పుట్టిన చోట మనమే లేచి వెళ్ళిపోతున్నాం.

మరి సింఫనీ ఆర్కెస్ట్రా లాంటి పెద్ద వాద్యబృందాలు మనకు లేవా అని అడగవచ్చు. ఉండేవి. మా దోమకొండ కోటలో మహాదేవుని గుడి కాకతీయుల కాలం నాటిది.  ఆ కాకతీయుల కాలంలోనే దేవగిరి యాదవ సింఘణుడి కొలువులో శార్‌ఙ్గదేవుడు సంగీత రత్నాకరం రాశాడు. అందులో ఉత్తమ బృందానికి లెక్క ఉంది: ముఖ్య గాయకులు నలుగురు, వంతగా పాడేవాళ్ళు ఎనిమిదిమంది, గాయనులు పన్నెండుమంది, వేణువులు నాలుగు, మృదంగాలు నాలుగు. ముప్పైరెండుమంది. కాబట్టి బృందం మనకు కొత్త కాదు, కచేరీయే తర్వాత చిన్నదైంది.

మన కాలంలో మళ్ళీ దాన్ని పెద్దది చేసి చూసినవాళ్ళలో ఈమని శంకరశాస్త్రి ఉన్నారు. ద్రాక్షారామంలో 1922లో పుట్టిన వైణికుడు. జెమినీ స్టూడియోలో సినిమా సంగీతంతో పనిచేసి, తర్వాత ఆకాశవాణికి వెళ్ళారు. ఢిల్లీలో 1952లో మొదలైన ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపారు. వీణ, సితార్, వేణువు, సరోద్, మృదంగం, తబలా కలిసి వాయించాలి. అప్పుడు రాసిపెట్టుకోక తప్పదు, ఒకరు నిలబడి సైగ చెయ్యక తప్పదు. ఆయన కూర్చిన రచనల్లో 'ఆదర్శ శిఖరారోహణం' ఒకటి. సింఫనీ ఊహను రాగంలోకి తెచ్చిన ఆ ప్రయత్నాలను మనం ఇంకా బాగా గుర్తుపెట్టుకోవలసింది. అయినా ఆయన అసలు గొప్పతనం ఏకాంతంగా వీణ పట్టినప్పుడే తెలుస్తుందని నా అభిప్రాయం. రాగంలో స్వరం ఎంత ఊగాలో కాగితం మీద రాయలేం. తొంభైమంది ఒకేలా ఊపలేరు. ఆర్కెస్ట్రా గొప్పదనం స్వరాలు ఒకదాని మీద ఒకటి పేర్చడంలో ఉంది. మనది ఒకే స్వరం లోపలికి దిగడంలో ఉంది. రెండూ వినండి. ఒకదాని కొలతతో రెండోదాన్ని కొలవకండి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నాకు తెలిసిన నాలుగు మాటలు. పెద్ద పేర్ల సాయంత్రపు కచేరీల టికెట్ల కోసం కొట్టుకోవద్దు. మధ్యాహ్నం పూట కుర్రవాళ్ళ కచేరీలకు చాలా సభల్లో టికెట్టు ఉండదు. ఖాళీగా ఉంటాయి, ముందు వరసలో కూర్చోవచ్చు. మృదంగం వైపు కూర్చోండి, చేతివేళ్ళు కనిపించాలి. అకాడమీలో పొద్దున్నే జరిగే సోదాహరణ ప్రసంగాలకు వెళ్ళండి, అక్కడ పండితులు కీళ్ళు విప్పి చూపిస్తారు. సభల క్యాంటీన్లలో టిఫిను బాగుంటుంది, కానీ తని అప్పుడు కాదు. రోజుకు రెండు కచేరీలకు మించి వినకండి, చెవి మొద్దుబారుతుంది. అక్కడిదాకా పోలేనివాళ్ళు ఇంట్లోనే రేడియోలోనో ఫోనులోనో నేదునూరి గారిదో, ఓలేటి వెంకటేశ్వర్లు గారిదో, మల్లాది సోదరులదో పూర్తి కచేరీ ఒకటి పెట్టుకుని, మధ్యలో ఆపకుండా వినండి. ముక్కలుగా వింటే పట్టు దొరకదు.

ఒక్క కీర్తన ముందే చదువుకుని వెళ్ళండి. త్యాగరాజుది ఏదైనా సరే. అర్థం తెలిసిన పాదం మీద గాయకుడు నెరవల్‌కు ఆగాడంటే, ఆ రోజు మీ ప్రయాణపు ఖర్చు వచ్చేసినట్టే.

ఆ ముసలాయనను నేను మళ్ళీ చూడలేదు. ఆ రాత్రి చివర్న సౌరాష్ట్ర రాగంలో త్యాగరాజు మంగళం మొదలైంది. జనం కుర్చీల కింద చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తూనే ఉన్నాడు. పాట ఆగింది. తంబుర పట్టుకున్న అమ్మాయి ఇంకో రెండుసార్లు మీటింది, ఆపడం మరిచిపోయినట్టు. ఆయన చెయ్యి అప్పుడు ఆగింది.